నాలుగు నెలల నిలుకడ

ఆషాఢ శుద్ధైకాదశినాడు పేలపిండి తినని పిల్లలు మొన్న మొన్నటి వఱకు మన పల్లెలలో అరుదుగ నుండిరి. జొన్నలనో మొక్కజొన్నలనో పేలాలుగా వేయించి, బెల్లము చేర్చి, రోట దంచి, దేవునికి నివేదించి, ఇంటిల్లిపాదికిని దోసిట పోయుట తొలి ఏకాదశి వేడుక. పెద్దలు ఆనాడు ఒక్కపొద్దుందురు. శ్రీమహావిష్ణువు పాలకడలిపై శయనించుట ఆ దినముననే యనియు, నాలుగు నెలలు యోగనిద్రలో నుండి కార్తిక శుద్ధైకాదశినాడు మేల్కాంచుననియు పురాణప్రసిద్ధి. దేవుడు కన్నుమూసిన యీ నాలుగు మాసములును మనుష్యుడు కన్నుతెఱచి తన్ను తాను చూచుకొనవలసిన కాలమని పూర్వులు తలంచిరి. నేడు పండుగ మిగిలినది, పిండి మిగిలినది. ఏటేట నొక నియతకాలమున తిరుగుడు మాని, ఒక్కచోట నిలిచి, జపధ్యానములకును స్వదోషపరిశీలనమునకును దినములు కేటాయించుకొను చాతుర్మాస్యము మాత్రము మఠములకును పంచాంగములకును పరిమితమైనది. రెండున్నర వేల యేండ్లుగా నిలిచిన యీ యాచారము ఎక్కడ పుట్టినదో, ఎట్లు పెరిగినదో, ఎందుచేత సన్నగిల్లినదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ యాచారము బాటపై పుట్టినది. బుద్ధ మహావీరుల కాలమున గంగామైదానమందు ఇల్లువాకిళ్ళు విడిచి, ఊరూర భిక్షమెత్తి, చెట్టునీడన పడుకొని, తెల్లవాఱగనే మఱియొక యూరికి కదలిపోవు విరక్తులు అసంఖ్యాకులుగ నుండిరి. వారికి పరివ్రాజకులని పేరు; చుట్టును తిరుగువారని దాని యర్థము. ఒకచోట నిలుచుట మమకారమునకు మొదలని వారి నమ్మకము. ఎండకాలమునను చలికాలమునను ఈ వ్రతము సాగినది గాని వానకాలమున చిక్కు వచ్చిపడినది. వాగులు పొంగును, బాటలు బురదయగును, చల్లిన విత్తు అప్పుడే మొలకెత్తి నేలనంటి యుండును, పుట్టలలోని పురుగు పైకివచ్చును. అహింసను వ్రతముగ గైకొన్నవాడు అడుగు తీసి అడుగు వేయుటకు జంకవలసిన కాలమది. అందుచేత వానకాలమున సన్న్యాసి స్థిరముగ నొకచోట నుండవలెనని గౌతమ ధర్మసూత్రము విధించినది. జైన మునులును ఆ నాలుగు మాసములు కదలకుండుట ధర్మమని యెంచిరి. బౌద్ధుల వినయపిటకమున మహావర్గమునందు ఈ విషయమునకై ఒక యధ్యాయమే యేర్పడినది.

ఆ యధ్యాయారంభమునందలి కథ ఆలోచింపదగినది. బుద్ధుడు రాజగృహమున వేణువనమందున్నపుడు ఆయన శిష్యులు వానకాలమునను తిరుగుచునే యుండిరట. చూచినవారు సణుగుకొనసాగిరి. ఇతర సంప్రదాయములవారు ఈ కాలమున ఒకచోట నిలుచుచున్నారు, పక్షులు సైతము చెట్టుకొనల గూళ్ళు కట్టుకొని కదలకున్నవి, ఈ శాక్యపుత్రుని శిష్యులు మాత్రము పచ్చగడ్డి త్రొక్కుచు, చిన్ని ప్రాణులను నలుపుచు తిరుగుటేమని వారి ఆక్షేపణ. అది విన్న పిదపనే బుద్ధుడు వర్షావాసమును విధించెను. కాబట్టి ఏకాంతమునకు సంబంధించిన యీ మహానియమమునకు మూలము భిక్షువులకు అన్నముపెట్టు జనుల నోటిమాట. పచ్చని మొలకపై జాలిగొన్నవారి మాట. ఆత్మచింతనకై కాలము కేటాయించుకొనుట లోకమును ఏవగించుకొనుటచే గాక లోకముపై దయచే మొదలైనదనుట మఱువరాదు.

ఇక నియమములు. ఆషాఢ పూర్ణిమ మఱునాడు వర్షావాసమున ప్రవేశింపవలెను. అప్పుడు తప్పినవారు నెల గడచిన పిదప ప్రవేశింపవచ్చును. ఎప్పుడు ప్రవేశించినను మూడు నెలలు నిండువఱకు కదలరాదు. చెట్టుతొఱ్ఱలో గాని, కొమ్మల పంగలో గాని, ఆరుబయట గాని, గొడుగు క్రింద గాని, పెద్ద బాన క్రింద గాని ఈ కాలము గడపుట నిషిద్ధము. ఇట్టి నిషేధములు పుట్టవలసివచ్చెననిన, అట్లు గడప జూచినవారు కొందఱుండిరని తేలుచున్నది గదా! మఱియొకవంక, పశువుల మందతో గాని, వర్తకుల బిడారుతో గాని, ఓడలో గాని పోవుచున్న భిక్షువు అక్కడనే వర్షావాసము జరుపుకొనవచ్చును. మంద కదలినచో దానితో కదలవచ్చును. తల్లిదండ్రులు జబ్బుపడినను, తోటి భిక్షువు మంచముపట్టినను, పిలుపు వచ్చినను రాకున్నను పోయి చూచి, ఏడు దినములలో తిరిగి రావలెను. వరదయో, నిప్పో, దొంగలో, క్రూరమృగములో మీదబడినచో స్థలము విడుచుట దోషము గాదు. ఇంత కఠినమును ఇంత సడలింపును ఒక్క యధ్యాయమున కూర్చిన శాస్త్రకారుడు మనుష్యస్వభావము నెఱిగినవాడు. సడలింపు లేని వ్రతము మొదటి యాపదకే విఱిగిపోవును. ఏడు దినముల గడువు పెట్టిన సడలింపు వ్రతమును కాపాడును.

సంస్కృతమున వర్షశబ్దమునకు వాన యనియు సంవత్సరమనియు రెండర్థములు గలవు. భిక్షుసంఘమున ఈ రెండర్థములును ఒక్కటైనవి. భిక్షువుల పెద్దఱికమును జన్మదినమునుబట్టి గాక, ఉపసంపద, అనగా భిక్షుదీక్ష, పొందిన పిదప గడపిన వర్షావాసముల సంఖ్యనుబట్టి నిర్ణయించిరి. పది వానకాలములు గడపినవాని ముందు ఐదు వానకాలములు గడపినవాడు, వయస్సున తాతయైనను, చిన్నవాడే. జైనుల కల్పసూత్రము మహావీరుని తపోజీవితమును చెప్పునప్పుడును ఈ కొలమానమునే వాడినది: ఆయన వానకాలములు 42, అందు రాజగృహ నాలందలలో 14, వైశాలీ వాణిజ్యగ్రామములలో 12, మిథిలలో 6, తక్కినవి ఇతర స్థలములలో, కడపటిది పావాపురమున. తిరిగిన దూరమును గాక నిలిచిన కాలములను లెక్కించి ఒక మహాపురుషుని చరిత్రను చెప్పుట మఱెచ్చట గలదు?

మొదటినాళ్ళలో వర్షావాసపు వసతి గడ్డిపాక. వానలు పడునప్పటికి కట్టుకొని, మూడు నెలలు గడచిన పిదప విప్పి, గడ్డిని కఱ్ఱను ఒకచోట చేర్చి, భిక్షువులు దారిన పోయెడివారు. ఒకమాఱు రాజగృహ ప్రాంతమున ధనియుడను కుమ్మరివాని కొడుకు, భిక్షువై కూడ, అందఱును పాకలు విప్పి పోయినను తాను మాత్రము కదలక అక్కడనే యుండిపోయెను. ఆయన భిక్షకు పోయినపుడు గడ్డికిని కట్టెలకును వచ్చినవారు పాకను ఊడబెఱికి పట్టుకొనిపోయిరి. ఇట్లు మూడు మాఱులు జరిగినది. ధనియుడు విసిగి, కులవిద్యను జ్ఞాపకము చేసికొని, మట్టితోనే కుటీరము కట్టి, గడ్డియు పిడకలును కట్టెలును పేర్చి దానిని కాల్చెను. ఆ కుటీరము ఆరుద్రపురుగువలె ఎఱ్ఱగా మెఱయుచు, తట్టినచో గంటవలె మ్రోగెనట! బుద్ధుడు కొండ దిగివచ్చుచు దానిని చూచి, అంత మట్టిని కాల్చుటలో ఎన్ని ప్రాణులు మాడెనో యని ఆక్షేపించి, దానిని పగులగొట్టించెను. కథ చిన్నది, దానిలో రాబోవు చరిత్ర యంతయు నున్నది. కాలమునకై కట్టుకొన్న పాకను స్థిరమైన యిల్లుగ మార్చుకొన జూచిన మొదటివాడు ధనియుడు. ఆయన కుటీరమైతే పగిలినది గాని, ఆయన కోరిక పగులలేదు.

పాకలు పోయి గుహలు వచ్చినవి. అశోకుని మనుమడైన దశరథుడు పట్టాభిషిక్తుడైన వెంటనే మగధలోని నాగార్జుని కొండపై మూడు గుహలను ఆజీవకులను పరివ్రాజకులకు దానము చేసి, అవి వానకాలపు నివాసమునకని శాసనమున చెక్కించెను. కొండరాతిని తొలిచి ఏకాంతమునకు తావు కల్పించుట రాజధర్మములలో నొకటి యైనదని ఈ శాసనముచే తెలియుచున్నది. మన తెలుగునేలపై ఏలూరు జిల్లా కామవరపుకోట చెంత, జీలకఱ్ఱగూడెమునందు, గుంటుపల్లి గుహలు క్రీస్తుపూర్వపు శతాబ్దులనాటివి. అందలి గుండ్రని చైత్యగృహమున తలయెత్తి చూచినవారికి ఒక వింత కనబడును: రాతికప్పునకు వాసములు చెక్కియున్నవి! రాతికి వాసములెందుకు? గడ్డియింటి కప్పునకు వాసములు కావలెను గాని, కొండను తొలిచిన గదికి వానితో పనియేమి? శిల్పి చేతికి పాకయే తెలియును. భిక్షువు జ్ఞాపకమందు పాకయే కలదు. కాబట్టి రాయి గడ్డియింటి రూపమును దాల్చినది. ఆ లోపలి స్తూపమునే చుట్టుపట్లవారు పిదప ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము పోవు సముద్రతీరపు బాటకు ప్రక్కనున్న తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటితొట్లవలన వచ్చినది. దాని పొరుగున నున్న బావికొండకు బావులే పేరిచ్చినవి. వాననీరు నిలువచేసికొని కొండపై బ్రతికిన భిక్షువులకు వానకాలము ఒక్క వ్రతకాలమే గాదు, ఏడాది జీవనమునకు మూలధనము గూడ.

ఇట్లు వసతి స్థిరపడుచుండగా, ఆ వసతిలో నెట్లు కాలము గడపవలెనను ప్రశ్న ముందునకు వచ్చినది. దీనికిని మహావర్గమున నొక కథ గలదు. కోసలదేశమున కొందఱు భిక్షువులు వర్షావాసము కలతలు లేక గడవవలెనని యెంచి, మూడు నెలలు ఒకరితో నొకరు మాటాడకుండ నుండుటకు కట్టుబడిరి. భిక్షనుండి ముందుగ తిరిగివచ్చినవాడు ఆసనములు పఱచి నీరు సిద్ధపఱచును; కడపట వచ్చినవాడు, కావలెననిన, మిగిలినది తినును. నీటికుండ ఒట్టిపోయినచో చూచినవాడు నింపును. ఒంటరిగ మోయలేనిచో చేసైగతో మఱియొకని పిలుచును. వర్షావాసానంతరము వారు బుద్ధుని దర్శించి, మూడు నెలలు మౌనముగ సుఖముగ గడపితిమని చెప్పిరి. మెచ్చుకొనునని వారు తలంచిరేమో! పశువులవలె కలిసి బ్రతికి దానిని సుఖమనుకొంటిరా యని ఆయన మందలించి, మూగవ్రతమును నిషేధించి, దానికి మాఱుగ ప్రవారణను విధించెను. వర్షావాసపు కడపటి దినమున, అనగా మొదట ప్రవేశించినవారికి ఆశ్వయుజ పూర్ణిమనాడు, సంఘమంతయు గుమిగూడును. పెద్దవాడు మొదలుకొని ప్రతియొకడును చేతులు జోడించి, ఈ మూడు నెలలలో నాయందు మీరు చూచిన దోషమో, విన్న దోషమో, అనుమానించిన దోషమో యున్నచో దయతో చెప్పుడని అడుగవలెను. మౌనముకంటె ఈ ప్రశ్న కష్టము. తన దోషములను తానే లెక్కించుకొన్నవాడు కొన్నిటిని మఱచును, కొన్నిటిని మన్నించుకొనును. మూడు నెలలు ఒకే చూరు క్రింద మెలగినవానికి దాచుట కుదరదు. ఆ పిదప ఒక మాసములోపల గృహస్థులు వస్త్రము సమర్పింతురు. దానిని ఆ దినముననే కోసి, కుట్టి, రంగువేసి చీవరముగ చేయుదురు. దీనికి కఠినమని పేరు. క్రొత్త చీవరము ధరించి భిక్షువు మరల బాటనెక్కును.

గృహస్థుని మాటయేమి? పరివ్రాజకునికి వానకాలము విరామకాలమైనను సేద్యగానికి అదియే ఊపిరాడని కాలము. దున్నుట, విత్తుట, నాటుట, కలుపుతీయుట అప్పుడే గదా! వాడు మూడు నెలలు కూర్చున్నచో భిక్షువునకు భిక్ష యుండదు. కాబట్టి గృహస్థుని ఏకాంతమును శాస్త్రకారులు దినములుగ విడదీసి పంచాంగమంతట చల్లిరి. మగధరాజగు బింబిసారుడు, ఇతర సంప్రదాయములవారు అష్టమి, చతుర్దశి, పూర్ణిమాది దినములలో గుమిగూడి ధర్మము చెప్పుకొనుట చూచి, బౌద్ధసంఘము నట్లు చేయుమని కోరెననియు, అదియే ఉపోసథమునకు మొదలనియు వినయము చెప్పుచున్నది. ఆ శబ్దమును మన ఉపవాసమును ఒక్క కుదురువే. దగ్గఱగ నుండుట యని అర్థము. తిండి మానుట దానికి పరికరమే గాని ప్రయోజనము కాదు. అశోకుడు తన ఐదవ స్తంభశాసనమున ఋతువుల తొలి పూర్ణిమలందును ఉపోసథదినములందును చేపలను చంపరాదనియు అమ్మరాదనియు కట్టడి చేసి, ఈ దినములకు రాజశాసనపు బలమిచ్చెను.

స్మార్త గృహస్థులలో చాతుర్మాస్యము భోజనపాత్రలోనికి వచ్చినది. శ్రావణమున కూరలు, భాద్రపదమున పెరుగు, ఆశ్వయుజమున పాలు, కార్తికమున పప్పుదినుసులు వర్జించుట వ్రతము. ఒక్కొక్క నెలలో ఒక్కొక్కటి మానుటచే శరీరము కృశింపదు; కాని దినమునకు రెండుమాఱులు విస్తరి ముందు కూర్చున్నపుడు, తాను వ్రతములో నున్నానను జ్ఞాపకము మాత్రము తప్పక కలుగును. పరివ్రాజకుడు కాలిని కట్టివేసికొనెను. గృహస్థుడు నాలుకను కట్టివేసికొనెను. ఎవనికి ఏది నిత్యాభ్యాసమో దానినే కొంతకాలము నిలిపివేయుట ఈ రెండింటికిని సామాన్యలక్షణము.

ఇక ధనియుని కోరిక సంగతి. గుహలు సంఘారామములైనవి, సంఘారామములు నగరములవలె పెరిగినవి. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి లోయలో, నాగార్జునకొండ చుట్టును, ముప్పదికి పైగా బౌద్ధ నిర్మాణములు త్రవ్వకములలో బయల్పడినవి. నాలుగువైపుల అఱలు, నడుమ స్తంభముల మండపము, ప్రక్కన చైత్యము. రాణివాసపు స్త్రీలును ఉపాసికలును ఉదారముగ దానములు చేసిరి. భిక్షువునకు ఇక వానకాలము వచ్చినను రాకున్నను అఱ సిద్ధముగ నుండెను. ఏడాదిపొడుగున నిలిచియుండువానికి మూడు నెలల నిలుకడ ఏమి విశేషము? వర్షావాసమునకు సమాప్తి యుండుట దాని ప్రాణము. మఱునాడు బాటనెక్కవలసినవాడే ఆ మూడు నెలల విలువ నెఱుగును. వసతి శాశ్వతమైన కొలది వ్రతము విధిగ మిగిలి, అందలి పదును తగ్గెనని నేననుకొందును. బౌద్ధవిహారముల యుత్పత్తి వర్షావాసమునుండియే జరిగినదని చరిత్రకారులగు సుకుమార దత్తుగారు విపులముగ నిరూపించిరి. ఆ విహారముల స్థిరత్వమే వర్షావాసమును మింగినదని దానికి చేర్చుకొనవలెను.

క్రీస్తుశకము 7వ శతాబ్దిలో చీనాయాత్రికుడు హ్యుయాన్‌త్సాంగు ధాన్యకటకమునకు వచ్చెను. ఆ రాజధానికి తూర్పున కొండపై పూర్వశైల సంఘారామము, పడమట అపరశైల సంఘారామము నుండెనని వ్రాసి, అక్కడ తాను విన్న ఐతిహ్యము నొకదానిని చెప్పెను. బుద్ధనిర్వాణానంతరము వేయి సంవత్సరములు ఏటేట వేయిమంది అచ్చటికి వచ్చి వానకాలము కలిసి గడపెడివారట; కాలము ముగిసిన దినమున అర్హతులై ఆకాశమార్గమున పోయెడివారట. తాను వచ్చునాటికి నూఱేండ్లుగా అచ్చట భిక్షువులు లేరు. కొండదేవత తోడేలుగను కోతిగను రూపములు దాల్చి బెదరించుటచే ఆ స్థలము పాడుపడినదని జనులు చెప్పుకొనుచుండిరి. దేశమున చాల విహారములు శిథిలములై, ఇరువది మాత్రము నిలిచియుండెనని కూడ ఆయన వ్రాసెను. వేయిమంది ఆకాశమున కెగసిరో లేదో మనకు విచారమక్కఱలేదు. తెలుగుదేశము తన వైభవకాలమును జ్ఞాపకము చేసికొన్నపుడు, వానకాలమున వచ్చి, కలిసి గడపి, కాలము తీఱగనే వెడలిపోయినవారినే తలచుకొన్నది. స్థిరముగ పాతుకొన్నవారిని తలచుకొనలేదు. ఐతిహ్యము కల్పితమే కావచ్చును. అందలి తీర్పు మాత్రము సరియైనది.

సమాప్తిని కాపాడుకొన్నవారి యొద్ద ఆచారము నేటికిని సజీవముగ నున్నది. శంకరసంప్రదాయపు పీఠాధిపతులు ఆషాఢ పూర్ణిమనాడు వ్యాసపూజ చేసి సంకల్పము చెప్పుకొందురు. పక్షమునే మాసముగ నెంచి, నాలుగు పక్షములు ఒక్కచోట నుండి, భాద్రపద పూర్ణిమనాడు విశ్వరూపయాత్ర పేర సీమోల్లంఘనము చేయుదురు. పొలిమేర దాటుట వారికి వ్రతాంగము. జైన సాధువులు ఎనిమిది నెలలు కాలినడకన తిరిగి, నాలుగు నెలలు హైదరాబాదువంటి నగరములందును నిలిచి, పర్యూషణమను పర్వము ముగియునప్పుడు ఒకరికొకరు క్షమాపణ చెప్పుకొని, కార్తిక పూర్ణిమ గడచిన పిదప మరల నడక సాగింతురు. థాయిలాండుదేశమున ఇల్లు, ఉద్యోగము గల యువకులు సైతము ఒక్క వర్షావాసమునకై కాషాయము ధరించి, అది ముగియగనే ఇంటికి మరలు ఆచారము గలదు.

ఇప్పటివారు, తీఱిక దొఱకినపుడు నాలుగు దినములు ఎక్కడనైన కూర్చుండి దేవుని తలచుకొందుమని చెప్పుచుందురు. తీఱిక దొఱకుట ఎన్నడును జరుగదు; దొఱకినను అది నిదురకో విందుకో పోవును. పూర్వులు తీఱికకై కాచుకొనలేదు. పంచాంగమున తిథి పెట్టుకొనిరి. ప్రవేశమునకు ఒక దినము, నిలుచుటకు ఒక చోటు, ఆపదకు ఏడు దినముల సడలింపు, ముగింపునకు మఱియొక దినము, ఆ దినమున తన దోషము చెప్పుమని తోడివానిని అడుగు వినయము: ఇంతకుమించి ఆ వ్రతమున రహస్యమేదియు లేదు. నాలుగు నెలలు కుదరనివారికి నాలుగు దినములైనను, నాలుగు దినములు కుదరనివారికి పక్షమున కొక్క పూటయైనను ఈ కొలతయే చాలును. తొలి ఏకాదశి ఏటేట వచ్చుచునే యున్నది. ఈ యేడు పేలపిండితోపాటు ఆ నిలుకడను గూడ కొంత ఇంటికి తెచ్చుకొనుడని పాఠకులకు నా మనవి.